న్యూజిలాండ్ కొండలు, నదులు, మావోరీ మర్యాదలు: యాత్రికులు తరచుగా అడిగే ప్రశ్నలు

న్యూజిలాండ్‌కు బయలుదేరే తెలుగువారి చేతిలో సాధారణంగా రెండు జాబితాలు ఉంటాయి. మొదటిదానిలో మంచుకొండలు, నీలి సరస్సులు, వేడినీటి బుగ్గలు ఉంటాయి. రెండోదానిలో ఒక సాయంత్రం మావోరీ ప్రదర్శన, దానితోపాటు విందు ఉంటాయి. అక్కడ నాలుగు రోజులు తిరిగేసరికి ఈ రెండు జాబితాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. మీరు ఫోటో తీస్తున్న కొండ అక్కడి ఒక తెగకు పూర్వీకుడు, మీరు పడవలో తిరిగిన నది వారికి రక్తబంధువు. కింది సమాధానాలను ఆ సంగతి దృష్టిలో ఉంచుకొని రాశాం.

మావోరీలు ఎవరు? ఆ దేశానికి ఎప్పుడు వచ్చారు?

మావోరీలు న్యూజిలాండ్ మూలవాసులు. సుమారు పదమూడు, పద్నాలుగు శతాబ్దాలలో వారి పూర్వీకులు తూర్పు పాలినేసియా దీవుల నుంచి పెద్ద పడవలలో, నక్షత్రాలను, అలల పోకడను, పక్షులు ఎగిరే దిశను ఆనవాళ్లుగా పెట్టుకొని సముద్రం దాటి వచ్చారు. ఆ పడవను ‘వక’ అంటారు. ఈనాటికీ మావోరీలు తమ వంశాన్ని చెప్పుకునేటప్పుడు తమవారు ఏ వకలో వచ్చారో చెప్పుకుంటారు. దేశానికి వారి పేరు అఓతెయరోవా. ‘పొడవైన తెల్లమబ్బు నేల’ అని దానికి ఎక్కువమంది చెప్పే అర్థం. కుటుంబం ‘ఫానౌ’, కుటుంబాల సముదాయం ‘హపూ’, తెగ ‘ఇవి’. ఈ చివరి మాటను మన ‘ఇవి’లాగే పలకాలి. నేటి జనాభాలో మావోరీలు సుమారు ఆరో వంతు.

1840 ఫిబ్రవరి 6న వైతాంగి అనే చోట బ్రిటిష్ ప్రభుత్వ ప్రతినిధులకూ మావోరీ నాయకులకూ మధ్య ఒడంబడిక కుదిరింది. ఆ తర్వాతి నెలలలో దేశమంతటా కలిపి ఐదు వందలకు పైగా నాయకులు దానిపై సంతకాలు చేశారు. చిక్కు ఏమిటంటే, ఇంగ్లీషు ప్రతిలో సార్వభౌమాధికారం మొత్తం రాణికి దత్తమైనట్లు ఉంది. మావోరీ ప్రతిలో మాత్రం పరిపాలన అప్పగించి, తమ భూములపై, సంపదపై నాయకత్వాన్ని తమ వద్దే ఉంచుకున్నట్లు ఉంది. ఈ రెండు ప్రతుల తేడా మీద, ఆ తర్వాత పోయిన భూముల మీద వచ్చే ఫిర్యాదులను 1975లో ఏర్పడిన వైతాంగి ట్రిబ్యునల్ విచారిస్తోంది. బే ఆఫ్ ఐలాండ్స్‌లోని ఒడంబడిక మైదానానికి ఒక పూట కేటాయిస్తే మిగతా యాత్ర అంతా వేరుగా కనిపిస్తుంది. ఉత్తర దీవిలో దిగేవారికి మా మొదటి సిఫారసు అదే.

ఇంత చిన్న దేశంలో ఇన్ని రకాల భూదృశ్యాలు ఎలా ఏర్పడ్డాయి?

ఆ దేశం రెండు భూఫలకాల సరిహద్దు మీద కూర్చుంది. ఉత్తర దీవి వద్ద పసిఫిక్ ఫలకం ఆస్ట్రేలియా ఫలకం కిందికి దూరుతుంది కాబట్టి అక్కడ అగ్నిపర్వతాలు, వేడినీటి బుగ్గలు ఉన్నాయి. దక్షిణ దీవిలో ఆ రెండు ఫలకాలు ఒరుసుకుంటూ, ఒత్తుకుంటూ ఉండటం వల్ల సదరన్ ఆల్ప్స్ పైకి లేచాయి. పడమటి సముద్రం మీదుగా వచ్చే తడిగాలులను ఆ పర్వతాలు ఆపేస్తాయి. అందుకే పడమటి తీరం దట్టమైన తడి అడవి, తూర్పు మైదానాలు ఎండుగడ్డి. పడమటి కనుమల చాటున అనంతపురం ఎండిపోయి ఉండటం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. పైగా అక్కడ ఆ మార్పును మూడు గంటల కారు ప్రయాణంలో కళ్లారా చూడవచ్చు.

మావోరీలు ఇదే భూగోళాన్ని కథగా చెబుతారు. ఉత్తర దీవి ‘తె ఇక ఆ మౌయి’, అంటే మౌయి అనే వీరుడు గాలం వేసి సముద్రం నుంచి లాగిన చేప. దక్షిణ దీవి ఆకాశ తండ్రి కుమారుడైన అఓరకి ఎక్కి వచ్చిన పడవ. పడవ ఒరిగి రాతిగా మారినప్పుడు పైవైపుకు ఎక్కి కూర్చున్న అన్నదమ్ములు కొండలయ్యారు. వారిలో పొడవైన అఓరకి ఈనాటి 3,724 మీటర్ల శిఖరం. దాని అధికారిక నామం 1998 నుంచి అఓరకి / మౌంట్ కుక్. ఆకాశ తండ్రి రంగినుయి, భూమాత పాపతూఆనుకు మొదట గాఢాలింగనంలో ఉండగా, పిల్లలలో ఒకడైన తానె వారిని విడదీసి లోకానికి వెలుగు తెచ్చాడని సృష్టికథ. వేదంలోని ద్యావాపృథివులను ఎరిగినవారు అక్కడ ఒక్క క్షణం ఆగుతారు.

నదికి, కొండకు చట్టపరంగా మనిషి హోదా ఇచ్చారని విన్నాం. నిజమేనా?

నిజమే. 2014లో తె ఉరెవెరా అటవీ ప్రాంతానికి, 2017లో ఫాంగనుయి నదికి, 2025లో టరనాకి పర్వతానికి పార్లమెంటు చట్టపరమైన వ్యక్తిత్వం ఇచ్చింది. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరు ప్రతినిధులు ఉంటారు. ఒకరిని ప్రభుత్వం, మరొకరిని నదీతీర తెగలు ఎంపిక చేస్తాయి. ‘నేనే నది, నదే నేను’ అన్నది ఆ తెగల సామెత. ఆ మాటకు చట్టం రూపం రావడానికి నూరేళ్లకు పైగా పోరాటం పట్టింది.

మనకు ఈ ఊహ వింతగా అనిపించనవసరం లేదు. మన ఊళ్లలో దేవుడి పేరిట మాన్యం ఉంటుంది, కోర్టులో దేవుడే కక్షిదారు అవుతాడు. 2017లో ఉత్తరాఖండ్ హైకోర్టు గంగా యమునలకు వ్యక్తి హోదా ఇచ్చింది. ఆ తీర్పుపై సుప్రీంకోర్టు అదే ఏడాది స్టే ఇచ్చింది.

ఈ నదికీ ఈ కొండకూ మధ్య ఒక కథ ఉంది. ఒకప్పుడు టరనాకి కూడా ఉత్తర దీవి నడుమ టోంగరీరో కొండ పక్కనే ఉండేదట. పిహంగ అనే అందమైన కొండ కోసం ఆ రెండూ కొట్లాడుకున్నాయి. ఓడిపోయిన టరనాకి రాత్రికి రాత్రే పడమటికి వెళ్లిపోతూ నేలను చీల్చుకుంటూ పోయింది, ఆ చీలికలో నీరు నిండి ఫాంగనుయి నది అయింది. నేటికీ టరనాకి సముద్రం ఒడ్డున ఒంటరిగా, మబ్బు కప్పుకొని నిలబడి ఉంటుంది. స్థానికులు ఆ మబ్బును దుఃఖం అంటారు. ఈ కథ తెలిసి ఆ కొండను చూడటం వేరు, తెలియక చూడటం వేరు.

టోంగరీరో కాలినడక ఎంత కష్టం? శిఖరాలు ఎక్కవచ్చా?

టోంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ సుమారు 20 కిలోమీటర్ల దారి. ఆరోగ్యంగా ఉన్నవారికి ఏడెనిమిది గంటలు పడుతుంది. మాంగతెపోపో వద్ద మొదలై కెటెటాహి వద్ద ముగుస్తుంది కాబట్టి వాహనాన్ని ఒక చివర వదిలి, తిరుగు ప్రయాణానికి షటిల్ బస్సు ముందే మాట్లాడుకోవాలి. ఎర్రబిలం అనదగిన రెడ్ క్రేటర్ అంచు 1,886 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి కిందికి దిగే దారి జారుడు బూడిద, గుల్లరాయి. అడుగు వేస్తే ఇంకో అరడుగు కిందికి జారుతుంది. మోకాళ్ల నొప్పులున్నవారు ఎక్కడం గురించి కాదు, ఈ దిగడం గురించి ఆలోచించుకోవాలి. కాస్త కిందనే పచ్చల రంగులో చిన్న సరస్సులు, వాటి ఒడ్డున గంధకపు పొగ కనిపిస్తాయి. శీతాకాలంలో మంచుగొడ్డలి, ముళ్లపట్టీలు, అనుభవం లేకుండా వెళ్లకూడదు.

శిఖరాల సంగతికి వస్తే, అక్కడి తెగలు టోంగరీరో, ఙౌరుహోయె శిఖరాల మీదికి ఎక్కవద్దని, సరస్సుల నీటిని తాకవద్దని కోరుతున్నాయి. ఆ శిఖరాలు వారికి పెద్దల తల వంటివి. చట్టం ఆపదు, మర్యాద ఆపాలి. 1887లో ఙాతి తూఫారెతోఆ తెగ నాయకుడు తె హెఉహెఉ తూకినో ఈ శిఖరాలను దేశానికి అప్పగించడంతోనే న్యూజిలాండ్‌లో మొదటి జాతీయ ఉద్యానవనం పుట్టింది. అది 1990లో ప్రకృతి వారసత్వంగా యునెస్కో జాబితాలో చేరింది. 1993లో సాంస్కృతిక భూదృశ్యం అనే కొత్త విభాగం కింద ప్రపంచంలో మొట్టమొదట గుర్తింపు పొందినదీ ఇదే. ఇచ్చినవారు ఒక్కటి అడిగినప్పుడు అక్కడిదాకా వెళ్లిన అతిథి కాదనడం బాగుండదు.

మరాయె అంటే ఏమిటి? అక్కడ స్వాగతం ఎలా జరుగుతుంది?

మరాయె ఒక తెగకు చెందిన సమావేశ ప్రాంగణం. పెళ్లి, చావు, పంచాయతీ, పండుగ అన్నీ అక్కడే. ముందు ఖాళీ స్థలం, దాని వెనుక చెక్కడాలతో నిండిన సభాభవనం, పక్కన భోజనశాల ఉంటాయి. సభాభవనం ఒక పూర్వీకుడి శరీరం. కప్పు మీది ముఖం ఆయన ముఖం, ముందుకు వాలిన రెండు పలకలు చేతులు, నడికప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. లోపలికి వెళ్లడమంటే ఆయన ఒడిలోకి వెళ్లడమే.

స్వాగతాన్ని ‘పోఫిరి’ అంటారు. అతిథులు గేటు బయట గుంపుగా నిలబడతారు. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి దీర్ఘంగా పిలుస్తుంది. ఆ పిలుపు ‘కరంగ’. మాటలు అర్థం కాకపోయినా ఒళ్లు గగుర్పొడుస్తుంది, ఎందుకంటే ఆమె పిలుస్తున్నది మీ ఒక్కరినే కాదు, మీతో వచ్చిన మీ చనిపోయినవారిని కూడా. ప్రత్యేక సందర్భాలలో ఒక యోధుడు ఆయుధం తిప్పుతూ ముందుకు వచ్చి, ఒక చిన్న పుల్లనో ఆకునో నేల మీద పెడతాడు. మీ గుంపు తరఫున ఎంపికైన వ్యక్తి అతని మీద నుంచి చూపు తిప్పకుండా, నవ్వకుండా దానిని తీసుకోవాలి. మీరు శాంతి కోరి వచ్చినట్లు అదే సంకేతం. ఆ సమయంలో నవ్వు ఆపుకోలేక ఇకిలించేవారు ప్రతి గుంపులో ఒకరిద్దరు ఉంటారు. దయచేసి మీరు ఆ ఒకరు కాకండి.

తర్వాత నెమ్మదిగా, మౌనంగా నడిచి వెళ్లి కూర్చుంటారు. ఇరువైపులా పెద్దలు ప్రసంగిస్తారు. ప్రతి ప్రసంగం వెనుక ఒక పాట ఉంటుంది. అతిథుల వైపు నుంచి కూడా పాట రావాలి కాబట్టి మీ గుంపును అడిగితే సిగ్గుపడవద్దు. ‘మా తెలుగు తల్లికి’ మొదటి చరణం గుర్తుంటే చాలు, స్వరం తప్పినా ఎవరూ ఏమీ అనుకోరు. కానుకను ‘కొహ’ అంటారు. ఒక కవరులో డబ్బు పెట్టి మీ ప్రతినిధి నేల మీద ఉంచుతాడు, ఆతిథేయులు వచ్చి తీసుకుంటారు. చివర భోజనం.

తెలియక తప్పు చేస్తామేమో అనే భయం ఉంది. ముఖ్యంగా ఏమి గుర్తుంచుకోవాలి?

‘తపు’, ‘నోవా’ అనే రెండు మాటలు తెలిస్తే చాలావరకు నియమాలు వాటంతట అవే తెలుస్తాయి. తపు అంటే పవిత్రమైనది, ముట్టకూడనిది, శక్తి నిండినది. మన ‘తప్పు’తో దానికి సంబంధం లేదు కానీ, ‘టాబూ’ అనే మాట ఆ పాలినేసియా భాషల నుంచే ప్రపంచమంతటా వ్యాపించింది. నోవా అంటే ఆ కట్టు విడిపోయిన సాధారణ స్థితి. మడి, ఎంగిలి అనే ఊహలతో పెరిగినవారికి దీని పద్ధతి త్వరగా పట్టుబడుతుంది. అయితే ఇది శుచికి సంబంధించినది కాదు. మడిలో ఉన్నవారు శుద్ధంగా ఉంటారు, తపులో ఉన్నది శక్తితో ఉంటుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి.

తల అన్నింటికన్నా తపు. అందుకే పిల్లలైనా సరే ఇతరుల తల నిమరకూడదు. తల ఆనే దిండు మీద కూర్చోకూడదు. ఆహారం ఉండే బల్ల మీద కూర్చోకూడదు, టోపీ పెట్టకూడదు. సభాభవనంలోకి చెప్పులతో వెళ్లకూడదు, లోపల తినకూడదు, తాగకూడదు. స్వాగతం చివర భోజనం పెట్టడం వెనుక కారణం కూడా ఇదే. అన్నం అతిథి మీది తపును తీసివేసి ఇంటివాడిని చేస్తుంది. పిలిచిన భోజనాన్ని కాదని బస్సు వేళ అంటూ లేచిపోతే స్వాగతం సగంలో ఆగినట్లే. ఫోటోలకు ముందే అనుమతి అడగండి.

ముక్కులు ఆనించే పలకరింపు చేయడం తప్పనిసరా?

దానిని ‘హోంగి’ అంటారు. చేయి కలిపి, కొద్దిగా ముందుకు వంగి, ముక్కును, నుదుటిని మెల్లగా ఆనిస్తారు. ఊపిరిని పంచుకోవడం దాని భావం. తానె ఎర్రమట్టితో మొదటి స్త్రీని మలిచి ఆమె ముక్కులోకి ఊపిరి ఊదాడని కథ. బిగుసుకుపోకుండా, తొందరపడకుండా ఒక క్షణం ఆగితే సరిపోతుంది. మనవారిలో ఇబ్బంది పడేవారు ఉంటారు. చేయి మాత్రమే ముందుకు చాచి చిరునవ్వు నవ్వితే ఎదుటివారు అర్థం చేసుకుంటారు.

పరిచయం చేసుకోమంటే ఏమి చెప్పాలి?

మావోరీ పద్ధతిలో పరిచయాన్ని ‘పెపెహ’ అంటారు. అందులో మనిషి పేరు చివర వస్తుంది. ముందు నా కొండ ఇది, నా నది ఇది, నా పడవ ఇది, నా తెగ ఇది అని వరుసగా చెబుతారు. ఉద్యోగం పేరుతో మొదలుపెట్టే అలవాటు ఉన్నవారు తడబడతారు. నిజానికి మనకు ఇది బాగా తెలిసిన పద్ధతే. ప్రవర చెప్పుకునేవారు ఉన్నారు, చెప్పుకోనివారికీ ‘ఏ ఊరు, ఎవరింటి వాళ్లు’ అనే ప్రశ్న తప్పదు. గోదావరి ఒడ్డువారు గోదావరిని చెప్పుకోవచ్చు, కర్నూలువారు తుంగభద్రను, నల్లమలను చెప్పుకోవచ్చు. ఆ రెండు వాక్యాలతో మీరు పర్యాటకుల స్థానం నుంచి అతిథుల స్థానానికి వస్తారు.

మావోరీ మాటలు పలకడం కష్టమా?

ఇంగ్లీషువారికి కష్టం, మనకు తేలిక. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ. వాటికి దీర్ఘాలు ఉన్నాయి. హ్రస్వ దీర్ఘాల తేడాతో అర్థం మారిపోతుంది: ‘వహినె’ అంటే స్త్రీ, ‘వాహినె’ అంటే స్త్రీలు. ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుంది, అంటే తెలుగులాగే అజంత భాష. మనం వాఙ్మయంలో తప్ప వాడని ఙకారం అక్కడ మాట మొదట్లోనూ వస్తుంది. ఙాతి, ఙౌరుహోయె అలాంటివి. ఇంగ్లీషు లిపిలో డబ్ల్యూ, హెచ్ జంటగా కనిపిస్తే చాలాచోట్ల ఫ అనాలి. ఈ పేజీలో కొన్ని ఊళ్ల పేర్లను పటాలలో కనిపించే తీరులోనే రాశాం. పలికేటప్పుడు ట బదులు త అనుకుంటే అసలుకు దగ్గరవుతారు.

‘కియా ఓర’ ఎక్కడైనా చెల్లే పలకరింపు. మర్యాదగా అయితే ఒకరిని ‘తేనా కొయె’, ఇద్దరిని ‘తేనా కోరువా’, ముగ్గురు అంతకు మించితే ‘తేనా కౌతౌ’ అంటారు. సంస్కృతం చదివినవారికి ద్వివచనం మళ్లీ ఎదురవుతుంది. మావోరీ 1987 నుంచి అధికార భాష.

రోటోరువాలో ఏమి చూడాలి? శాకాహారులకు భోజనం దొరుకుతుందా?

ఊరి పొలిమేరలోనే గంధకపు వాసన కుళ్లిన కోడిగుడ్డులా పలకరిస్తుంది. రెండో రోజుకు ముక్కు దానిని మరచిపోతుంది. ఫకరెవరెవా లోయలోని పోహుతు గీజర్ (వేడినీటిని ఎగజిమ్మే బుగ్గ) రోజుకు పలుమార్లు, కొన్నిసార్లు 30 మీటర్ల ఎత్తుకు ఎగుస్తుంది. పక్కనే జనం నివసించే గ్రామంలో మొక్కజొన్న కంకులను గోతపు సంచి వంటి వల సంచిలో కట్టి మరిగే కుంటలో ముంచి ఉడికిస్తారు. వెన్న రాసి ఇచ్చే ఆ కంకిని మా సొంత అభిప్రాయంలో అక్కడి పెద్ద విందులకన్నా ముందు పెట్టాలి.

1886 జూన్ 10 తెల్లవారుజామున సమీపంలోని టరావెరా పర్వతం పేలి సుమారు 120 మందిని బలి తీసుకుంది. వేడినీటి ఖనిజం పేరుకొని ఏర్పడి, అప్పటికే ప్రపంచ యాత్రికులను ఆకర్షిస్తున్న గులాబీ, తెలుపు రంగుల సోపానాలు ఆనాడే అదృశ్యమయ్యాయి. వాటిని చూపిస్తూ పేరు తెచ్చుకున్న సోఫియా హినెరంగి ఇంట్లో ఆ రాత్రి చాలామంది తలదాచుకొని బతికారు. మావోరీ స్త్రీలు యాత్రికులకు మార్గదర్శకులుగా ఉండటం అక్కడ అంత పాతది.

విందును ‘హాంగి’ అంటారు. గోతిలో కాల్చిన రాళ్లు పరిచి, మాంసం, దుంపలు, కూరగాయలు ఉన్న బుట్టలను వాటి మీద పెట్టి, తడి గుడ్డలు, మట్టి కప్పి మూడు గంటల దాకా ఆవిరితో ఉడికిస్తారు. చిలగడదుంపను ‘కూమర’ అంటారు. పూర్వీకులు పడవలలో తెచ్చిన పంట అది. ఒకే గోతిలో మాంసంతోపాటు ఉడుకుతుంది కాబట్టి పట్టింపు ఉన్న శాకాహారులు టికెట్ కొనేటప్పుడే వేరుగా వండుతారా అని అడగాలి. అక్కడికి వెళ్లి అడిగితే సలాడ్ తప్ప ఏమీ మిగలదు. ఈ పేజీ రాస్తున్నవారి అత్తగారు ఒక రాత్రంతా రొట్టె, వెన్నతో గడిపారు. ఆ సంగతి ఇప్పటికీ వింటున్నాం.

హాకా నృత్యాన్ని మనం సరదాగా అనుకరించవచ్చా?

వారు నేర్పినప్పుడు నేర్చుకోండి. బారులో, బస్సులో, రీల్ కోసం నాలుక బయటపెట్టి చేయడం మాత్రం బాగుండదు. హాకా యుద్ధనృత్యం మాత్రమే అనుకోవడం పొరపాటు. అతిథి వచ్చినప్పుడు, పెళ్లిలో, పట్టా తీసుకునే విద్యార్థి ముందు, శవపేటిక ముందు కూడా హాకా చేస్తారు. రగ్బీ జట్టు వల్ల లోకానికి తెలిసిన ‘క మతె’ను ఙాతి తోఆ నాయకుడు తె రౌపరహ సుమారు 1820లో కట్టాడు. శత్రువులు వెంటపడగా కూమర దుంపలు దాచే గోతిలో దాక్కొని, ప్రాణంతో బయటపడ్డ క్షణాన పుట్టిన పాట అది. ‘చావా, బతుకా’ అన్న ఆ మాటలు బెదిరింపుగా వినిపించినా, లోపల ఉన్నది బతికి బయటపడ్డవాడి ఊపిరి. దానిని వాణిజ్యపరంగా వాడేవారు కర్తను పేర్కొనాలని 2014లో చట్టం వచ్చింది.

మావోరీ పచ్చబొట్టు వేయించుకోవచ్చా?

ముఖం, గడ్డం మీద కనిపించే ‘మొకో’ ఒక వ్యక్తి వంశవృక్షం. వేరొకరి మొకోను నకలు చేయడం వేరొకరి ఇంటిపేరు పెట్టుకోవడం వంటిది. ఇతరుల కోసం వేసే నమూనాలను ‘కిరితుహి’ అంటారు. మావోరీ కళాకారుడి దగ్గరకు వెళ్లి అది అడగవచ్చు.

మిల్ఫర్డ్ సౌండ్‌లో వాన పడితే యాత్ర వృథా అవుతుందా?

వాన పడితేనే బాగుంటుంది. అక్కడ ఏడాదికి సుమారు 6,800 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది, హైదరాబాద్ వానకు ఎనిమిది రెట్ల పైమాట. ఎండ రోజున శాశ్వతంగా ఉండే రెండు పెద్ద జలపాతాలు కనిపిస్తాయి. వాన రోజున నిటారు రాతిగోడల నిండా వందల ధారలు పుట్టి, గాలికి కొన్ని నేలను చేరకముందే పొగలా ఎగిరిపోతాయి. పేరులో సౌండ్ (సముద్రం చొరబడిన నదిలోయ) అని ఉన్నా, అది హిమనదం తొలిచిన ఫియోర్డు, అంటే నిటారు గోడల మధ్య సముద్రం చొచ్చుకువచ్చిన లోయ. తూ తె రకి ఫానోవా అనే దేవశిల్పి గొడ్డలితో చెక్కాడని ఙాయి తహు తెగవారు చెబుతారు. మావోరీ పేరు పియోపియోతాహి. ఇప్పుడు అంతరించిన పియోపియో పక్షి ఒంటరిగా మిగిలిందని దాని అర్థం.

అక్కడి చిన్న ఈగలు కుడితే వారం రోజులు దురద తప్పదు. ఆ చోటు మరీ అందంగా ఉండటంతో మనుషులు అక్కడే ఉండిపోతారని భయపడి, మృత్యుదేవత హినె నుయి తె పో ఈ ఈగలను వదిలిందని కథ. దేవత పని బాగానే చేసింది, ఎవరూ ఎక్కువసేపు కూర్చోలేరు. దగ్గరి ఊరు తె అనౌ నుంచి మిల్ఫర్డ్‌కు సుమారు 120 కిలోమీటర్లు. క్వీన్స్‌టౌన్ నుంచి ఒకే రోజులో వెళ్లిరావచ్చు కానీ, రానూ పోనూ ఎనిమిది గంటల ప్రయాణం. తె అనౌలో ఒక రాత్రి ఉంటే ఒళ్లు హూనం కాదు.

హిమనదాల మీద నడవవచ్చా?

పడమటి తీరంలోని ఫ్రాంజ్ జోసెఫ్, ఫాక్స్ హిమనదాలు ఎంతగా వెనక్కి తగ్గాయంటే, లోయలో నడిచి వెళ్లి మంచు మీద అడుగుపెట్టే యాత్రలు పదేళ్లకు ముందే ఆగిపోయాయి. ఇప్పుడు మంచు మీద నడవాలంటే హెలికాప్టర్ ఎక్కాలి. అది ఖరీదైనది, పైగా మబ్బు పడితే రద్దవుతుంది. ఫ్రాంజ్ జోసెఫ్ మావోరీ పేరు ‘హినె హుకతెరె కన్నీళ్లు’ అనే అర్థం ఇస్తుంది. మంచుచరియలో ప్రియుడిని పోగొట్టుకున్న అమ్మాయి కన్నీరే గడ్డకట్టి హిమనదం అయిందట. ఆ కన్నీళ్లు ఇప్పుడు కరుగుతున్నాయి.

ఉత్తర కొసకు అంత దూరం వెళ్లడం అవసరమా?

ఆక్లాండ్ నుంచి 400 కిలోమీటర్ల పైచిలుకు. సమయం ఉంటేనే వెళ్లండి. అయితే తె రెరెంగ వైరువా అనే ఆ కొసన మరణించినవారి ఆత్మలు ఒక పాత పోహుతుకావా చెట్టు వేళ్ల మీదుగా సముద్రంలోకి దిగి, పూర్వీకుల దేశమైన హవైకికి తిరుగు ప్రయాణం కడతాయని నమ్మకం. అందుకే అక్కడ తినవద్దని కోరతారు. పులిహోర డబ్బా కారులోనే ఉంచండి. దారిలో వైపోవా అడవిలో తానె మహుత అనే మహా కౌరి వృక్షాన్ని చూడవచ్చు. కౌరి చెట్లను చంపే తెగులు మట్టి ద్వారా పాకుతుంది కాబట్టి చెప్పులు శుభ్రం చేసే చోట దాటిపోకండి.

మతారికి అంటే ఏమిటి?

మన కృత్తికలు. పల్లెలలో పిల్లలకోడి అని పిలిచే ఆ చుక్కల గుంపే మావోరీలకు మతారికి. మే నెలలో, మన రైతులు కృత్తిక కార్తె అనే రోజులలో, సూర్యుడు ఆ నక్షత్రాలతో కలిసి ఉండటం వల్ల అవి కనిపించవు. అక్కడ జూన్, జూలైలలో నడిచలికాలపు తెల్లవారుజామున అవి మళ్లీ తూర్పున పొడిచినప్పుడు మావోరీలకు కొత్త సంవత్సరం. ఆ ఏడాది పోయినవారి పేర్లు పిలుస్తారు, వండిన ఆహారపు ఆవిరిని నక్షత్రాలకు అర్పిస్తారు, ఒక్కొక్క చుక్క వెలుగును బట్టి పంట ఎలా ఉంటుందో చెబుతారు. 2022 జూన్ 24న తొలిసారి దీనికి ప్రభుత్వ సెలవు ఇచ్చారు. చాంద్రమానం ప్రకారం తేదీ ఏటా మారుతుంది, ఉగాదిలాగే.

ఎప్పుడు వెళ్లాలి? ఎన్ని రోజులు కావాలి?

ఋతువులు తారుమారు: డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేసవి, జూన్ నుంచి ఆగస్టు దాకా చలి. మార్చి, ఏప్రిల్ మా సలహా. రెండు దీవులు చూడాలంటే కనీసం పద్నాలుగు రోజులు కావాలి. ఎనిమిదే ఉంటే ఒక దీవిని వదిలేయండి. మావోరీ సంస్కృతి కోసం ఉత్తరం, కొండల కోసం దక్షిణం అని చెప్పేవారు ఉన్నారు కానీ, పైన చదివినవారికి ఆ విభజన నిలవదని తెలిసే ఉంటుంది. వేసవిలోనూ ఉన్ని బట్ట, వాన కోటు దగ్గర ఉంచుకోండి. ఎండ చల్లగా అనిపించినా చర్మాన్ని త్వరగా కాలుస్తుంది.

వీసా, కస్టమ్స్ విషయంలో జాగ్రత్తలు ఏమిటి?

భారత పాస్‌పోర్టు ఉన్నవారికి విజిటర్ వీసా కావాలి. అమెరికా గ్రీన్ కార్డు ఉన్నా ఇది తప్పదు. ఆస్ట్రేలియాలో పిల్లల దగ్గరకు వెళ్లిన తల్లిదండ్రులు అక్కడి విజిటర్ వీసాతో న్యూజిలాండ్ వెళ్లలేరు. ఆస్ట్రేలియా శాశ్వత నివాసులకు మాత్రం ఎలక్ట్రానిక్ అనుమతి సరిపోతుంది. 2024 అక్టోబరు నుంచి పర్యాటక, పరిరక్షణ రుసుము 100 న్యూజిలాండ్ డాలర్లు.

అసలు పరీక్ష విమానాశ్రయంలో ఉంది. తినే వస్తువు ఏదైనా ప్రకటించాలి. ప్రకటించకపోతే అక్కడికక్కడే 400 డాలర్ల జరిమానా. కరివేపాకు, తాజా పండ్లు, విత్తనాలు, తేనె ఇంట్లోనే వదిలేయండి. ఆవకాయ, పొడులు, మిఠాయిలు తీసుకెళ్లేవారు ప్రతిదీ ప్రకటన పత్రంలో రాయండి. అధికారి తీసివేస్తే తీసివేస్తారు, రాసినందుకు జరిమానా ఉండదు. ట్రెక్కింగ్ బూట్ల అడుగున మట్టి లేకుండా కడుక్కోండి.

కారు మనమే నడపవచ్చా?

నడపవచ్చు. మన లాగే ఎడమవైపు ప్రయాణం, ఇంగ్లీషులో ఉన్న భారత లైసెన్సు చెల్లుతుంది. గూగుల్ చూపే సమయానికి కొంత కలుపుకోండి, దారులు మెలికలు తిరిగి ఉంటాయి. ఒకే వాహనం పట్టే వంతెనలు చాలా ఉంటాయి. మీ వైపు బాణం ఎర్రగా, చిన్నగా ఉంటే ఎదుటివారికి దారి ఇవ్వాలి. హారన్ కొట్టే అలవాటును హైదరాబాద్‌లో వదిలి వెళ్లండి.

పాములు ఉంటాయా?

నేల మీద ఒక్కటీ ఉండదు.

అక్కడి నుంచి గుర్తుగా ఏమి తెచ్చుకోవచ్చు?

‘పౌనము’ అనే ఆకుపచ్చ రాయి. దక్షిణ దీవి మావోరీ పేరు తె వైపౌనములో ఉన్నది అదే. మెడలో వేసుకునే గాలం ఆకారం, చుట్టలు తిరిగిన ఫెర్న్ ఆకారం ఎక్కువగా దొరుకుతాయి. పౌనమును సొంతానికి కొనుక్కోకూడదని, ఎవరైనా ఇస్తేనే తీసుకోవాలని ఒక ఆనవాయితీ ఉంది. దంపతులు ఒకరి కోసం ఒకరు కొనుక్కొని ఈ చిక్కును పరిష్కరించుకుంటారు. తక్కువ ధరకు అమ్మేవాటిలో చాలా భాగం వేరే దేశాల నుంచి వచ్చిన రాయి కాబట్టి, రాయి ఎక్కడిది, చెక్కినవారు ఎవరు అని దుకాణంలో అడగండి. చెప్పగలిగినవారి దగ్గరే కొనండి.

1997 చట్టం ప్రకారం ఙాయి తహు తెగ ప్రాంతపు సహజ పౌనము ఆ తెగ సొత్తు. నదులలో, కొండలలో దానిని తీసుకోకూడదు. పడమటి తీరపు సముద్రపు ఒడ్డున మాత్రం ఎవరైనా ఏరుకోవచ్చు, ఒక రోజులో ఒక మనిషి తన చేతులతో మోయగలిగినంత. హొకిటికా ఒడ్డున వాన వెలిసిన ఉదయాలలో వంగి నడుస్తున్న జనం కనిపిస్తారు. పొడి రాయిలో పచ్చదనం తెలియదు. ప్రతి ఒక్కరూ అనుమానం వచ్చిన రాయిని అలలో తడిపి, ఎండకు పట్టి చూసి, చాలాసార్లు తిరిగి ఇసుకలోనే పడేస్తారు.